దొర పోయినప్పుడు పట్టిన మైల

ఏం పిల్లలర్రా మీరు! నిన్న మండాయి శ్మశానంలో మనిషిని నిప్పుల్లోకి పంపి వచ్చారు. స్నానాలు చేశారు, బిర్యానీ తెప్పించుకున్నారు, ఎవరి ఫోనులో వాళ్ళు దూరారు. పోయినాయన ఎవరని ఒక్కరైనా అడిగారా? పక్కింటి చైనా ముసలమ్మ పిల్లి చచ్చిపోతే దాని పేరేమిటి, వయసెంత, ఏం తినేదని గంటసేపు అడిగారు కదా. మారయ్య పిల్లికన్నా తీసిపోయాడా?

మీకు అతను 'ట్రే అంకుల్'. హాకర్ సెంటర్లో జనం తిని వదిలేసిన ట్రేలు ఎత్తేవాడు కాబట్టి. ఈ సింగపూర్‌లో, యీషున్‌లో మన బ్లాకు కిందే పదిహేనేళ్ళు సాయంత్రాలు కూర్చున్నాడు. ప్రతి దీపావళికీ మురుకుల డబ్బా తెచ్చాడు. గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టే తెలుగు మనిషికి ఐసీ గుర్తింపు కార్డు మీద మారయ్య బూత్‌రాయిడ్ అని ఎందుకుందో ఎవరికీ అనుమానం రాలేదు. నిన్న పంతులు అడిగినదానికి నేనొక మాట చెప్తే మాత్రం అందరూ నా మొహంలోకి చూశారు. ముసలిదానికి మతి పోయిందనుకున్నారు. పోలేదు. శాంతినీ, ఆ ఫోన్లో రికార్డు నొక్కు. నాకు రాయడం రాదు. మూడో తరగతిలోనే బడి మానిపించి రబ్బరు చెట్లు గీయడానికి పంపేశారు నన్ను.

మా రబ్బరు ఎస్టేట్ మలయాలో, పెరాక్‌లో. జపాన్‌వాళ్ళ కాలంలో మగవాళ్ళని సయాంలో రైలు దారి వెయ్యడానికి పట్టుకుపోయారు. మా లైన్ల నుంచి, అంటే మా కూలీ ఇళ్ళ వరసల నుంచి వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది నలుగురో అయిదుగురో. మారయ్య తండ్రి రాలేదు. తల్లి జ్వరంతో పోయింది. అప్పటికి మారయ్యకి రెండేళ్ళు. అలా తల్లీ తండ్రీ లేని పిల్లలు ఎస్టేట్ మొత్తం మీద పదకొండు మంది. యుద్ధం అయ్యాక తెల్లదొర తిరిగొచ్చాడు. బూత్‌రాయిడ్ అన్నది ఆ దొర ఇంటిపేరు. పాత పుస్తకాలు కాలిపోయాయని ఆఫీసులో కొత్తవి రాయించాడు. ఈ పదకొండు మంది దగ్గరికొచ్చేసరికి ఇంటిపేరు ఏమని రాయాలని క్లర్కు అడిగాడట. "నా పేరు రాసెయ్" అన్నాడట దొర. జాలిపడి అన్నాడో, భోజనానికి వేళయిందని అన్నాడో నాకు తెలీదు. ఒక్క మధ్యాహ్నంలో పదకొండు మంది నల్ల బూత్‌రాయిడ్‌లు పుట్టారు.

లైన్లో పిల్లలు ఊరుకుంటారా?

"ఓరే, బూతురాయుడొచ్చేడ్రోయ్! నోరు కడుక్కున్నావేట్రా?" అని వెంటపడేవాళ్ళు. మారయ్య రాయి తీసేవాడు. విసిరేవాడు కాదు. తీసి, చేతిలో పట్టుకుని నిలబడేవాడు.

ఇంటిపేరంటే మనవాళ్ళకి ఏమిటో మీకెవరూ చెప్పలేదు, తప్పు మాదే. ఒక ఇంటిపేరువాళ్ళంతా అన్నదమ్ముల కింద లెక్క. ఒకరు పోతే అందరూ మైల పడతారు, గుడికి పోరు, పొయ్యి మీద పోపు పెట్టరు. ఆ ఇంటి పిల్లని ఆ ఇంటి పిల్లాడికి చెయ్యరు. ఏ ఇల్లూ లేనివాడు ఎవరి చావుకీ ఏడవక్కర్లేదు, వాడి చావుకీ ఎవరూ ఏడవరు. మారయ్య అలా పెరిగాడు. ఇవాళ ఈ గుమ్మంలో తిండి, రేపు ఆ గుమ్మంలో.

మారయ్యకి పదిహేడేళ్ళప్పుడు దొర తన దేశంలో చచ్చిపోయాడని ఆఫీసుకి ఉత్తరం వచ్చింది. మా కూలీలందరి మీదా మేస్త్రీ అయిన పెద్ద కంగాణి గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"ఆయన ఇంటిపేరోళ్ళు మన కాడ పదకొండుమంది ఉన్నారు. మైల పట్టకపోతే ఊరికి అరిష్టం కాదేటి?" అన్నాడు.

"దొరకి మన మైలేటి మావా?" అని ఎవరో నవ్వారు.

"సావు సావే. తెల్లోడికైనా నల్లోడికైనా పదకొండు రోజులే" అన్నాడు కంగాణి.

నవ్వకండి. అప్పుడు మేమెవరం నవ్వలేదు. పదకొండు మందినీ ఒక వరసలో కూర్చోబెట్టారు. మగపిల్లలకి గుండ్లు కొట్టారు, ఆడపిల్లలకి తలంటారు. పదకొండు రోజులు చప్పిడి కూడు. చూసినవాళ్ళంతా కసియాన్ కసియాన్ అని మలాయ్‌లో జాలిపడ్డారు. మారయ్య ఒక్కడే సంతోషంగా ఉన్నాడు. నున్నటి తల తడుముకుంటూ మా గుమ్మంలోకి వచ్చి నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"చిన్నమ్మా, సూడే! నాకూ ఇల్లున్నాది. మావోడు సచ్చిపోతే నాను మైల పడతన్నాను" అన్నాడు.

అంతగా నవ్వడం మళ్ళీ నేను చూళ్ళేదు.

ఆ వరసలో కూర్చున్న ఆడపిల్లల్లో లలితకుమారి ఒకతె. అవును, మీ నాయనమ్మే. నా అన్న పైడిరాజు పెళ్ళాం. మీ నాన్న వాళ్ళ కొడుకు, మీ అమ్మ నా కూతురు. కాబట్టి మీకు నేను చెప్పేది ఊరివాళ్ళ కథ కాదు.

ఏడేళ్ళు గడిచాయి. మారయ్య, లలిత పక్కపక్క చెట్ల వరసల్లో పాలు తీసేవాళ్ళు. ఇద్దరూ చేసుకుంటామన్నారు. కంగాణి పెద్దల్ని పిలిచాడు.

"ఒకే ఇంటిపేరు కదరా. అన్నాసెల్లెళ్ళు మీరు."

"కాయితం మీద రాసిన పేరు మావా. ఎవరి కడుపున ఎవరు పుట్టేరో మీకు తెల్దా?" అన్నాడు మారయ్య.

"కాయితం అయితే గుండెందుకు కొట్టించుకున్నావురా? పదకొండు రోజులు ఒకే మైల పట్టేరు మీరు. నాను కూసోబెట్టేను, నా కళ్ళతో సూసేను."

మారయ్య చెయ్యి తల మీదకి వెళ్ళింది. ఒత్తుగా జుట్టు పెరిగి ఉంది. అయినా అక్కడేదో తగిలినట్టు చెయ్యి తీసేశాడు.

కంగాణి యుద్ధం అయ్యాక వచ్చినవాడు, చెడ్డవాడు కాడు. దారి చూపించాడు. "మీ అసలు ఇంటిపేర్లు వేరని పాతోళ్ళలో ఒక్కరు సెప్పండి. సాలు. రేపే పెళ్ళి సేసెద్దాం" అన్నాడు.

పాతవాళ్ళలో ఎవరు మిగిలారు? సగంమంది సయాంలో మట్టయ్యారు. మారయ్య తల్లి ఉన్న గది పక్క గదిలో ఉన్నది మా అమ్మ. అందరూ మా అమ్మ వైపు తిరిగారు. మారయ్య వచ్చి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అత్తా, నీకు గేపకం ఉందా? మా అయ్యదే ఇల్లు?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకేటి గేపకం నాయినా. ఎన్నాళ్ళయిపోయింది" అంది.

నేను అమ్మ వెనకే కూర్చున్నాను. నాకు పద్దెనిమిదేళ్ళు. రుబ్బురోలు దగ్గర పాత ముచ్చట్లు చెప్పేటప్పుడు అమ్మ ఎన్నిసార్లు అనలేదు, 'ముద్దాడోరి అప్పన్న ఎంత బాగా డప్పు కొట్టీవోడో' అని! మారయ్య తండ్రి ముద్దాడ అప్పన్న. లలిత తండ్రిది కింతలి వాళ్ళ ఇల్లు. అమ్మకి రెండూ తెలుసు. నాకూ తెలుసు.

ఇంటికొచ్చి అడిగాను. "అమ్మా, అదేటి అలాగన్నావు?"

"నోరు మూయ్. మీ అన్నకి ముప్పయ్యేళ్ళొచ్చేయి, ఎస్టేట్లో ఇంకో పిల్లేదీ? లలితని వాడికి సేస్తాం. మారయ్య దానికి అన్నయితే నీకు బావవుతాడు. ఇటు పిల్లనిచ్చి అటు పిల్లని తెచ్చుకున్నట్టు, కుండమార్పు. నీకిష్టం లేదేటి? నాను సూత్తన్నాను నీ కళ్ళు ఎటు పోతన్నాయో."

నోరు మూసుకున్నాను. అమ్మకి భయపడి కాదు. అమ్మ చూసింది నిజమే కాబట్టి. ఎందుకలా చూస్తావే శాంతినీ? అమ్మమ్మలు అమ్మమ్మలుగానే పుడతారనుకున్నావా?

లలితకి మా అన్నతో పెళ్ళయింది. పెళ్ళికూతురికి తల్లీ తండ్రీ లేరు కదా, ఉన్న అన్న మారయ్యే కదా. పీట మీద కూర్చోబెట్టి పళ్ళెంలో మా అన్న కాళ్ళు కడిగించారు. మారయ్య కడిగాడు. కాళ్ళు మాత్రమే చూస్తూ, వేళ్ళ సందులు కూడా వదలకుండా కడిగాడు. లలిత తల ఎత్తలేదు.

తర్వాత నెలకి అమ్మ నా సంగతి కదిపింది. మారయ్య మర్యాదగానే చెప్పాడు.

"వొద్దత్తా. నానెవర్ని సేసుకున్నా ఆ పిల్లకీ ఈ బూతే అంటుకుంటది. నాతో పోనీ."

ఆ వారంలోనే సింగపూర్ బస్సెక్కాడు. నన్ను తర్వాత ఇంకెవరికో ఇచ్చారు. ఆ మనిషి గురించి చెప్పడానికేమీ లేదు, మంచివాడే.

మారయ్య ముప్పయ్యేళ్ళు ఓడలకి రంగు వేశాడు. దగ్గు పట్టుకున్నాక ట్రేలు ఎత్తాడు. మేమూ వెనకాలే వచ్చి యీషున్‌లో చేరాం. ఒంటిగది అద్దె ఫ్లాటు తీసుకుని తనూ ఇటే వచ్చాడు. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. చెల్లెలి దగ్గరికి అన్న రావడంలో వింతేముంది? మీ నాన్న పెళ్ళికి మేనమామ బట్టలు పెట్టాడు. లలిత "అన్నయ్యా, తిన్నావా?" అనేది. "తిన్నానమ్మా" అనేవాడు. నలభై ఏళ్ళు వాళ్ళ మధ్య నడిచిన మాటలు అవే. అంతకంటే ఒక్కటి ఎక్కువ నేను వినలేదు.

ఏటా లావుపాటి టెలిఫోన్ పుస్తకం వస్తే అందులో బూత్‌రాయిడ్‌లని వెతికేవాడు. ఒక ఏడు ముగ్గురున్నారు. ధైర్యం చేసి ఒక నంబరుకి ఫోన్ చేశాడు. ఎవరో తెల్లావిడ ఎత్తింది. "మేడమ్, ఐ ఆల్సో బూత్‌రాయిడ్" అన్నాడట. రాంగ్ నంబర్ అని పెట్టేసిందట. మా ముందు నవ్వుతూనే చెప్పాడు. ఎస్టేట్ పదకొండు మంది లెక్కా మారయ్య దగ్గరే ఉండేది. ఆడపిల్లలకి పెళ్ళిళ్ళయి ఆ పేరు పోయింది. మగవాళ్ళు వాళ్ళ పిల్లలకి అది అంటనివ్వలేదు. ఒక్కొక్కరే పోయారు. పోయినవాడి కబురు తెలిసినప్పుడల్లా మారయ్య పదకొండు రోజులు చప్పిడి తినేవాడు. పేరు మీద నమ్మకం ఉండి కాదు. ఒకసారి మైల పట్టాక తప్పదు అనేవాడు.

సురేన్, నీకు గుర్తుందా, బళ్ళో ఏదో ప్రాజెక్టని కింద బల్ల దగ్గర కూర్చుని ఆ పేరు నువ్వే వెతికావు?

"అంకుల్, యువర్ నేమ్ ఈజ్ ఎ ప్లేస్ లా! ఇంగ్లండ్, యార్క్‌షైర్. బూత్ అంటే పాక. రాయిడ్ అంటే చెట్లు కొట్టేసిన చోటు. అక్కడున్నవాళ్ళకి ఆ చోటు పేరే పెట్టేశారు. స్టిల్ మోస్ట్ ఆఫ్ దెమ్ లివింగ్ దేర్" అని, ఆ పేరువాళ్ళున్న చోట చుక్కలు పెట్టిన మేప్ చూపించావు.

మారయ్య కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అంటే మనవోళ్ళ ఇంటిపేర్లలాగే ఊరి పేరా? అడవి కొట్టి పాకలేసుకున్న చోటు. మన లైన్లూ అంతే కదరా. కొట్టింది మన తాతలు" అన్నాడు. నీ వైపు వంగి, "ఆ మేప్‌లో సింగపూర్‌లో ఎన్ని సుక్కలున్నాయి?" అని అడిగాడు.

"సింగపూరే ఒక చుక్క, అంకుల్!" అని నువ్వు నవ్వావు. తనూ నవ్వాడు. నువ్వు లేచి పోయావు. ఈయనకి ఆ పేరెలా వచ్చిందని అడగలేదు. పక్కన నేను బఠాణీలు వలుస్తూ కూర్చున్నాను. ముద్దాడ అన్న మాట నా నాలిక మీదకి వచ్చింది. అప్పటికి మీ నాయనమ్మ బతికే ఉంది, అదుగో ఆ లిఫ్టు దగ్గర కూరగాయల సంచితో నిలబడి ఉంది. ఎలా చెప్పను? చెప్తే మీ నాన్న ఏమవుతాడు, మీరేమవుతారు? బఠాణీలు వలిచాను.

లలిత పోయింది. పదకొండో రోజు వెళ్ళాక మారయ్య నా దగ్గరికొచ్చాడు. మళ్ళీ గుండు. ఆ వయసులో ఆ తల చిన్నపిల్లాడి తలలా ఉంది.

"చిన్నమ్మా, ఒక్కటడుగుతాను. మీ అమ్మకి నిజంగానే తెలదా?"

అందరూ పోయారు. అమ్మ లేదు, అన్న లేడు, లలిత లేదు. ఇక ఎవరికీ నష్టం లేదు. చెప్తే ఏమొస్తుంది? పోగొట్టుకున్నది ఒక్క మాటతో దక్కేదని డెబ్బై దాటాక తెలుస్తుంది. చెప్పకపోతే తలరాత అనుకుని పోతాడు. అలా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. అది విన్న మొహంతో నన్ను చూస్తాడు కదా, ఆ చూపు నాకొద్దు.

"తెలదు బావా" అన్నాను.

"సరేలే" అన్నాడు. చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు సిన్నపిల్లవి కదా అప్పుడు" అన్నాడు. నాకు తెలుసని తెలిసే అన్నాడో, నన్ను క్షమించే అన్నాడో, ఊరికే అన్నాడో, ఇన్నేళ్ళూ అదే తొలుస్తోంది.

నిన్న మండాయిలో పంతులు ఇంటిపేరు అడిగాడు. సురేన్ కార్డు చూసి బూత్‌రాయిడ్ అన్నాడు. పంతులు తడబడ్డాడు, ఆ పేరుకి మంత్రమెలా చెప్పాలో తోచక. అప్పుడు నేనన్నాను. "కాదు. ముద్దాడ. ముద్దాడ అప్పన్న కొడుకు ముద్దాడ మారయ్య" అని గట్టిగా, హాలంతా వినపడేలా. పంతులు ఆ పేరే చెప్పాడు. అప్పటికి పెట్టె మూసేశారు. మీరంతా విన్నారు. వినాల్సినవాడు వినలేదు.

ముద్దాడ వాళ్ళెవరూ ఈ దేశంలో లేరు. ఈ పదకొండు రోజులూ మైల పట్టేవాళ్ళు లేరు. మీరు బిర్యానీ తిన్నారు. తినండి, మీ ఇల్లు వేరు.

పిల్లి వయసు అడిగారు కదా. మారయ్యకి ఎనభై ఏళ్ళు.