గుర్తుగా ఒక్క గోలు

దేవుణ్ణి గుర్తు అడిగేటప్పుడు మా ఆయన కాస్త ఆలోచించి అడిగి ఉండొచ్చు కదా అని నాకు ఇప్పటికీ కోపమే. సాయంత్రం లోపు వాన పడితే ఒప్పుకుంటామనో, ఫలానావాళ్ళ నుంచి ఫోనొస్తే సంబంధం ఖాయమనో అడిగేవాళ్ళని మాలో చాలామందిని చూశాను. ఈయన మాత్రం మన దేశం ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్పులో ఒక్క గోలు కొట్టాలని అడిగారు. కొడితే మా అమ్మాయిని క్యాంపుకి పంపిస్తారట. కొట్టకపోతే లేదట.

ఆ జట్టు సంగతి తెలిసినవాళ్ళెవరైనా అలా అడుగుతారా? ఉప్పు మూట నెత్తిన పెట్టుకుని వానలో నిలబడినట్టు కాదూ!

మాది నరసాపురం వైపు. మామగారి రైల్వే ఉద్యోగం ఆ కుటుంబాన్ని రాయ్‌పూర్ తెచ్చింది. ఆయన తర్వాత మా ఆయన కూడా రైల్వే ఆఫీసులోనే చేరారు. నేను శంకర్ నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఇల్లు మోవాలో. ఇక్కడ మాలాంటి తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మంగళవారం మంగళవారం ఎవరో ఒకరింట్లో గృహకూడిక పెట్టుకుంటాం. పాటలయ్యాక ఎవరికే బాధ ఉన్నా ప్రార్థన మనవిగా చెప్పుకోవాలి. చెప్పిన క్షణం నుంచి అది మీ ఇంటి విషయం కాదు. వారమంతా ఎదురుపడిన ప్రతివాళ్ళూ దాని గురించి అడుగుతారు, సలహా చెబుతారు, తీర్పు కూడా చెప్పేస్తారు. దానికి విరుగుడు ఒక్కటే, సాక్ష్యం. దేవుడు మాకీ మేలు చేశాడని లేచి సాక్ష్యం చెబితే దానికి ఎదురు ప్రశ్న ఉండదు. అందరూ "స్తోత్రం" అనాల్సిందే.

మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి. రెండేళ్ళుగా స్కూలు జట్టులో గోల్ కీపరు. ఇంట్లో పిలిస్తే పలకదు గానీ, మైదానంలో వెనక నిలబడి "లెఫ్ట్! లెఫ్ట్! బాల్ నికాల్!" అని అరిస్తే వీధి చివరికి వినిపిస్తుంది. ఆ జనవరిలో రాష్ట్ర జట్టు కోసం జగదల్‌పూర్‌లో మూడు వారాల క్యాంపుకి దాన్ని పిలిచారు. కోచ్ మేడం నాకే ఫోను చేసింది. "దీదీ, ఇరవై నాలుగో తేదీ బుధవారం పొద్దున్న బస్సు. మంగళవారం రాత్రి లోపు పంపిస్తారో లేదో బతా దీజియేగా. మీరు కాదంటే ఇంకో అమ్మాయి వెయిటింగ్‌లో ఉంది" అంది.

మా ఆయన ససేమిరా అన్నారు. పరీక్షలన్నారు, ఆడపిల్లన్నారు, అడవి దారన్నారు. నేను వాదించాను, అమ్మాయి ఏడ్చింది, రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. ఇక తట్టుకోలేక ఆయన కూడికలో లేచి, నన్నొక్క మాట అడగకుండా, ఈ విషయాన్ని మనవిగా పెట్టేశారు. పెట్టి ఊరుకోకుండా గుర్తు కూడా అడిగేశారు. "ఈ వారమే ఆసియా కప్పు మొదలవుతోంది కదండీ. మన జట్టు మూడు మ్యాచుల్లో ఒక్క గోలు కొట్టినా దేవుని చిత్తం అనుకుంటాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మాయి మాత్రం గంతేసింది. "మమ్మీ, మూడు మ్యాచులు! ఒక్కటైనా కొట్టరా?" అంది. దాని నమ్మకం చూస్తే నాకు భయం వేసింది.

మొదటి మ్యాచ్ శనివారం సాయంత్రం. మా మరిది వచ్చాడు, తెలీబంధాలో మొబైల్ షాపులో పని చేస్తాడు, జట్టు నీలం జెర్సీ వేసుకుని మరీ వచ్చాడు. మా కూడిక పెద్దాయన వచ్చారు. గూడ్సు బండి గార్డుగా రిటైరైన మనిషి, కుర్రతనంలో రైల్వే జట్టుకి ఆడారు కాబట్టి ఫుట్‌బాల్ గురించి ఆయన మాటే శాసనం. సగం మ్యాచ్ దాకా ఎదుటివాళ్ళని గోలు కొట్టనివ్వలేదు మనవాళ్ళు. మా అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. తర్వాత రెండు పడ్డాయి. మనం ఒక్కటీ కొట్టలేదు.

"ఆస్ట్రేలియా అంటే మాటలా!" అన్నారు పెద్దాయన. "ఇది ఓటమి కాదమ్మా, పాఠం."

పాఠాలు మాకెందుకండీ, గోలు కావాలి.

గురువారం ఉజ్బెకిస్తాన్‌తో. అది చూస్తుంటే తల ప్రాణం తోకకొచ్చింది. సగం మ్యాచ్‌కే మూడు తిన్నారు. రెండో సగంలో మనవాడొకడు కొట్టిన బంతి నేరుగా వెళ్ళి గోలు కంబానికి తగిలింది. మా ఇంట్లో అందరం ఒక్కసారే లేచి నిలబడ్డాం. బంతి బయటికొచ్చేసింది. అమ్మాయి దిండులో మొహం పెట్టుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట టీ దగ్గర అదే చర్చ. కంబానికి తగిలింది గుర్తు కిందికి వస్తుందా రాదా? నవ్వకండి, పావుగంట వాదించారు. "తగిలిందంటే దేవుడు దాదాపు ఒప్పుకున్నట్టే కదా అన్నయ్యా" అన్నాడు మా మరిది. "దాదాపు అనేది దేవుడి దగ్గర ఉండదురా. అవునంటే అవును, కాదంటే కాదు" అన్నారు పెద్దాయన. మా ఆయన టీ ఊదుకుంటూ, "గోలంటే వల కదలాలి" అన్నారు. అంతే, తీర్పు అయిపోయింది. నా బిడ్డ మూడు వారాల క్యాంపు ఒక ఇనప కంబం దగ్గర ఆగిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన్ని నిలదీశాను. "అంత పట్టుదల దేనికండీ? దాన్ని పంపడం మీకిష్టం లేకపోతే లేదని చెప్పండి. మధ్యలో పదకొండు మంది మగపిల్లల్నీ దేవుణ్ణీ ఎందుకు లాగుతారు?"

"మాటిచ్చాక మార్చకూడదే. ఇంకో మ్యాచ్ ఉందిగా."

మూడోది సిరియాతో, మంగళవారం అయిదింటికి. ఏడింటికి కూడిక ఆ వారం మా ఇంట్లోనే. నేను పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చి చాపలు పరిచి, ఉప్మా చేసి, టీకి పాలు పెట్టాను. నాలుగున్నరకే జనం దిగారు. ప్రార్థనకి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ఆ రోజు ముందే వచ్చారు. పాటల పుస్తకాలు టీవీ కింద పేర్చి, అందరూ చాపల మీద సర్దుకున్నారు. చాపల మధ్య మా అమ్మాయి బఠాణీ గింజలా ముడుచుకుని కూర్చుంది. దాని బ్యాగు అప్పటికే సగం సర్ది మంచం కింద ఉందని నాకు తెలుసు. వాళ్ళ నాన్నకి తెలీదు.

ఆ మ్యాచ్ గురించి ఏం చెప్పను! డెబ్బై నిమిషాలు దాటేదాకా ఎవరికీ గోలు లేదు. ప్రతిసారీ మనవాళ్ళు బంతి ముందుకి తీసుకెళ్ళడం, తీరా గోలు ముందుకొచ్చేసరికి ఎవరికివ్వాలో తెలీనట్టు దిక్కులు చూడడం. "కొట్టరా! కొట్టి చావరా!" అని నేనే అరిచాను, ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళు నా వైపు చూశారు. తర్వాత సిరియావాళ్ళే ఒకటి కొట్టారు. ఆఖరి విజిల్ వేసేశారు.

తర్వాత చర్చ మొదలైంది.

"ఛోడో అన్నయ్యా, వీళ్ళ వల్ల కాదు" అన్నాడు మా మరిది జెర్సీ చేతులు మడుస్తూ. "మన దేశం లీగులో ముందుండి ఆడేదంతా ఫారినోళ్ళే. మనోళ్ళకి గోలు కొట్టే మౌకా ఎక్కడుంది?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నారు పెద్దాయన. "మా రోజుల్లో బూట్లు లేకుండా కంకర మీద ఆడాం. వీళ్ళకి ఏసీ బస్సులు. తిండి ఎక్కువైంది, ఆకలి పోయింది."

"కోచ్‌ని మార్చాలి" అన్నారొకరు.

"కోచ్ ఏం చేస్తాడు, కాళ్ళు వీళ్ళవి కదా!"

మా ఆయన కూడా దూకారు. దిండు తీసి చాప మీద పెట్టి, అది గోలు అనుకోమని, సిరియావాళ్ళ బంతి ఎలా వచ్చిందో వేలితో గీసి చూపించారు. "ఇక్కడ కీపరు రెండడుగులు ముందుకొచ్చి ఉంటే సరిపోయేది. గోలు లైను మీదే నిలబడిపోతే ఎలా?"

అమ్మాయి తలెత్తింది. "లేదు డాడీ. ముందు మనుషులు అడ్డం ఉన్నారు. వెనకున్నవాళ్ళకి బంతి ఆఖరి క్షణం దాకా కనిపించదు. ముందుకొస్తే తల మీంచి పోతుంది."

"నీకేం తెలుసు? టీవీలో అంత క్లియర్‌గా కనిపిస్తుంటే!"

అమ్మాయి లేచి వంటింట్లోకి వచ్చి టీ కప్పుల పళ్ళెం నా చేతిలోంచి తీసుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడవలేదు. పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి ముందూ వంగుతుంటే మా ఆయన గొంతు వినిపించింది. ఈ దేశంలో మ్యాచ్ ఓడినప్పుడల్లా ఎవరో ఒకరు అనే మాటే అది.

"నూట నలభై కోట్ల జనంలో సరిగ్గా ఆడే పదకొండు మంది దొరకరా?"

ఆ నూట నలభై కోట్లలో ఒకతి నీకు టీ ఇస్తోంది మహానుభావా, అని నోటిదాకా వచ్చింది.

పెద్దాయన గడియారం చూసి టీవీ ఆపించారు. పాటలు పాడాం. అందరి గొంతులూ అరిచి అరిచి బొంగురుపోయి ఉన్నాయి. మనవుల సమయం వచ్చింది. మా ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"రెండు వారాల కిందట మా అమ్మాయి విషయం పెట్టానండీ. గుర్తు రాలేదు. మూడు మ్యాచుల్లో ఒక్క గోలు కూడా లేదు. దేవుని చిత్తం కాదనే అనుకుంటున్నాం." అక్కడితో కూర్చున్నా బాగుండేది. అమ్మాయి వైపు తిరిగి, ఓదార్చినట్టుగా నవ్వారు. "అయినా అంతంత ప్లేయర్లే కొట్టలేకపోయారు. నువ్వెళ్ళి జగదల్‌పూర్‌లో ఏం గోల్స్ కొడతావే?"

అమ్మాయి ఆయన వంక చూసింది. కోపంగా కాదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నేను గోల్స్ కొట్టను డాడీ. గోలు ఆపుతాను. నేను కీపర్ని."

మా మరిది జెర్సీ వైపు తలొంచుకున్నాడు. వాడికి తెలుసు. కూడికలో సగం మందికి తెలుసు. చాప మీద దిండు ఇంకా గోలులాగే పడి ఉంది.

అప్పుడు నేను లేచాను.

"సాక్ష్యం చెప్పాలండీ" అన్నాను.

మా ఆయన చటుక్కున నా వైపు చూశారు. పెద్దాయన "చెప్పమ్మా" అన్నారు. సాక్ష్యం ఆపే హక్కు ఆయనకీ లేదు.

"దేవుడు నా బిడ్డకి బంతి ఆపే చేతులిచ్చాడు, అందుకు స్తోత్రం. మన దేశం మూడు మ్యాచుల్లో ఆరు గోల్స్ తింది. ఇంట్లో కీపర్ని పెట్టుకున్న తల్లికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఏం కావాలండీ? రేపు పొద్దున్న బస్సుకి నా బిడ్డ క్యాంపుకి వెళ్తోంది. దారి తెరిచిన దేవునికి స్తోత్రం."

ముందుగా వెనక నుంచి ఒక ముసలావిడ "స్తోత్రం" అంది. ఆ వెనక ఆడవాళ్ళంతా అన్నారు. మా మరిది గట్టిగా అన్నాడు. పెద్దాయన చేతులు పైకెత్తి, "స్తోత్రం, స్తోత్రం" అన్నారు, మీసాల్లో నవ్వు దాచుకోలేకపోయారు. అందరికంటే ఆఖర్న మా ఆయన అన్నారు. అనక తప్పదు కదా.

జనం వెళ్ళాక కోచ్ మేడంకి వస్తోందని ఫోను చేసి, చాపలు చుడుతుంటే మా ఆయన పక్కకొచ్చి నిలబడ్డారు. "అందరి ముందూ పరువు తీశావే."

"మీరు అందరి ముందూ అడిగారు, నేను అందరి ముందూ చెప్పాను."

గొంతు తగ్గించి, "అది కీపరని నాకెందుకు చెప్పలేదు?" అన్నారు.

ఇక నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళాను. తీగ మీద ఆయన టవలు ఆరుతోంది. దాని పక్కనే క్లిప్పులతో వేలాడుతూ అమ్మాయి చేతి తొడుగులు, అరిచేతుల దగ్గర రబ్బరు లేచిపోయినవి.

"రెండేళ్ళుగా మీ టవలు పక్కనే ఆరేస్తున్నాను. ఏమనుకున్నారు వీటిని?"

"చలికి వేసుకుంటుందేమో అనుకున్నా."

"మే నెలలో కూడానా? రాయ్‌పూర్ ఎండల్లో?"

దేశం కీపరు ఎక్కడ నిలబడాలో దిండు పెట్టి చూపించిన మనిషి ఆ తొడుగుల ముందు బుర్ర గోక్కుంటూ నిలబడ్డారు. లోపల గదిలో అమ్మాయి మంచం కింద నుంచి బ్యాగు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన చెయ్యి చాచి ఒక తొడుగు వేళ్ళు నొక్కి చూశారు.

"ఇంకా తడిగానే ఉన్నాయి" అన్నారు. "ఫ్యాను కింద పెట్టనా?"

"పెట్టండి" అన్నాను. కోపం తగ్గి కాదు, పొద్దున్నే బస్సుంది కనక.