మొయినాబాద్‌ల మోగిన కమాను

చాయ్ తాగుకుంట వినుండ్రి. పోయిన గురువారం మొయినాబాద్‌ల బతికున్న పాస్టరు అయ్యగారి కాళ్ల మీద పడి జనం ఏడ్చిండ్రు. కారణం? మీ ముందల కూసున్న నేనే.

ఆ రోజు చేవెళ్లల మా చెల్లె పెండ్లి. పెండ్లి చేసే అయ్యగారిని పట్నం నుంచి, నేను నడిపే మా సాబ్ మోటరుల తీస్కపోయే పని నాది. మగపెండ్లోళ్లు సాయంత్రం శంకర్‌పల్లిల రైలెక్కాలె. అందుకని పన్నెండు గంటలకే పెండ్లి కావాలె.

మొయినాబాద్ వచ్చేసరికి వెనుక కమాను, అదే చక్రం మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్ట, కటకట! కమాను చివర చెవి ఉంటది. దాంట్ల బోల్టు తిరగడానికి ఇత్తడి బుష్ ఉంటది, చిన్న గొట్టం ముక్క. అది అరిగింది. కొత్తది ముందురోజే కొన్న. కోటు జేబుల, పెండ్లి ఉంగరం పక్కన, భద్రంగ ఉన్నది.

"మెల్లగ పోదాం సామేలూ, పోయినంక చేస్కో," అన్నరు అయ్యగారు.

"గంటల బిగిస్త అయ్యగారూ, దేవుని దయతోని!" అన్న. దేవుడు నాకు అసుమంటి మాటేం ఇయ్యలే.

అక్కడి మన ఏసు గుడి ముందల మోటరు ఆపిన. అయ్యగారు అరుగు మీద పండుకొని, ఈగలకు తాళలేక ముఖం మీద దాక శాలువ కప్పుకున్నరు. జాకీ పెట్టి కమాను ఊడదీసిన. బుష్‌ను సుత్తితోని కొట్టి ఎల్లగొట్టాలంటే వెనుక ఆనించడానికి గట్టి ఇనుము కావాలె గద? గుడి తలుపు పక్కన గొలుసుకు రైలు పట్టా ముక్క వేలాడుతున్నది. అది ఆ గుడి గంట. నాకు మాత్రం ఇనుము లెక్కనే కనపడ్డది. కమానును దానికి తాడుతోని కట్టి, బుష్ మీద లావు బోల్టు పెట్టి కొట్టిన.

టంగ్!

మొండి బుష్. కదలదు. ఒక దెబ్బ, జర ఊపిరి. ఇంకో దెబ్బ, జర ఊపిరి. ఆ ఊర్ల గట్ల ఆగి ఆగి గంట కొడితే ఎవలో పోయినట్టు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఎట్లనో పాత బుష్ ఊడింది. పాతదైనా సరే, కిరసనాయిలుతోని కడిగి చూసుడు నా అలవాటు. తళతళ మెరిసింది. గుడ్డ మీద పెట్టి తలెత్తిన. చేన్లకెల్లి జనం ఉరుకుతున్నరు! ముందల ఒక అవ్వ. అరుగు మీద శాలువ కప్పిన మనిషిని, శాలువ కింద కనపడే పాస్టరు అంగీని చూసింది, కాళ్ల మీద పడ్డది.

"అయ్యో అయ్యగారూ! మా ఊరికొచ్చి పోయినవా!"

వెనుక ఒక పెద్దాయన భుజం మీద గడ్డపార. "గొయ్యి ఎక్కడ తవ్వాలె?" అన్నడు, చానా శాంతంగ.

అయ్యగారు శాలువ తీసి లేచి కూసున్నరు. "ఎవలు పోయిండ్రు?" అన్నరు.

అవ్వ ఒక్క కేక పెట్టి వెనుకకు పడ్డది. లేపి నీళ్లు తాపినం. తెలివికొచ్చి, నన్ను తిట్టిన తిట్లు బైబిలు సదివేటోళ్ల నోట్ల ఉండయి.

పోనీ, ఇగ అందరు నవ్వుడు మొదలువెట్టిండ్రు. అంత మంది చుట్టు నిలబడితే నా నోరు ఊకుంటదా? బుష్ అంటే ఏంది, ఎందుకు అరుగుతది, అన్నీ చెప్పుకుంట, మెరిసే బుష్ అందుకొని, చెక్క ముక్క అడ్డం పెట్టి సుతారంగ కొట్టి దిగగొట్టిన. సప్పట్లు! గడ్డపార పెద్దాయన కమానును లేపి పట్టిండు, నేను బోల్టు బిగించిన.

పన్నెండుకు జర ముందు చేవెళ్ల చేరినం. తొవ్వల కటకట ఉన్నదో లేదో నాకు తెల్వదు. తొవ్వ పొడుగూత నేనే మాట్లాడుతున్న.

పెండ్లి మొదలైంది. "ఉంగరం," అన్నరు అయ్యగారు. గుడంత నా దిక్కు చూసింది. నేను గంభీరంగ జేబుల చెయ్యి పెట్టి, తీసి, పెండ్లికొడుకు ముందల అరచెయ్యి చాపిన.

అరచేతుల కొత్త బుష్.

పెండ్లికొడుకు చూసిండు. "బావా, నా వేలు గంత లావు లేదు," అన్నడు మెల్లగ.

ఉంగరం దాని కిందనే ఉండె. పెండ్లి అయింది, వాళ్లకు రైలు దొరికింది. అయ్యగారు మాత్రం నా చేతుల కొత్త బుష్‌ను, నన్ను, బయట మోటరును వరుసగ చూసి, తిరిగి పోవడానికి ఎడ్లబండి అడిగిండ్రు.