వదిన ఇచ్చిన పూయని చామంతి

మా వదిన నాకు పూయని చామంతి ఇచ్చింది. తన గోడ వెంట విరగబూసే చెట్ల నుంచే పిలకలు తీసి ఇచ్చానంది. నా పెరట్లో మాత్రం ఒక్క మొగ్గ లేదు. దీన్ని అన్యాయం కాక ఇంకేమంటారు?

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్లు, అన్యాయాన్ని ఆమడ దూరంలోనే పసిగట్టే వయసు. బాన్సువాడలో సైకిల్ దుకాణంలో పనికి కుదిరి, కొత్త పెళ్లాంతో కిరాయి ఇంట్లో దిగాను. అంతకుముందు పెరిగిందంతా కోటగిరిలో, అన్న దగ్గర. తల్లి లేని నన్ను ఐదో ఏట నుంచి సాకింది వదినే. బడి ఐదో తరగతితో సరి. ఆ తర్వాత దొరికిన ప్రతి కాగితమూ చదివి నాకు నేనే పండితుణ్నయ్యాను (బెల్లం పొట్లం కట్టిన కాగితం కూడా, రెండు వైపులా). మా ఆవిడ జడలోకి మన పెరటి పూలే అని మాటిచ్చి, పిలకల కోసం వదిన దగ్గరికి పోయాను. పూత అయిపోయిన చామంతిని మొదలుకంటా కోస్తే చుట్టూ పిలకలు లేస్తాయి. వదిన వాటిని ఒక్కొక్కటీ వేరు తెగకుండా విడదీసి, తడి గోనెసంచిలో చుట్టి ఇచ్చింది. "వేరు వట్టేదాక నీడకుంచు. జానెడైనంక తలలు గిల్లు. ఇగ దాని జోలికి వోకు" అంది. మొదటి రెండూ చేశాను. మూడోది చదువుకున్నవాడు చేయగలిగే పని కాదు.

ఎందుకంటే అప్పుడే చిరిగిన సైన్సు వాచకం ఒకటి నా చేతికొచ్చింది. మొక్క వెలుతురుతో తన తిండి తానే వండుకుంటుందని అందులో ఉంది. చదివి నివ్వెరపోయాను. పొయ్యి లేదు, గిన్నె లేదు, వంట! మరి పొద్దుగూకాక వాటి గతేమిటి, తెల్లారేదాకా పస్తులేనా? ఎవరికీ తోచని ఆలోచన నాకు తోచినందుకు నా మీద నాకే గౌరవం పుట్టి, పెరట్లో పెద్ద బుగ్గ వేలాడదీసి (బల్బును మేమట్లాగే అంటాం) దీపాల వేళ నుంచి తెల్లారేదాకా వెలిగించాను. చామంతులు నడుమెత్తు పెరిగాయి. కార్తీకం వచ్చింది కానీ మొగ్గ రాలేదు. పక్కింటి అవ్వ గోడ మీంచి తొంగిచూసి, కూర మంచిగొచ్చింది బిడ్డా, పప్పులకు ఓ కట్ట ఇయ్యరాదా అని రోజూ అడిగేది.

ఒకరోజు కోపం పట్టలేక కోటగిరి బస్సెక్కాను. వదిన గోడ వెంట ఆకు కనబడకుండా పసుపుపచ్చని పూలు. ఆమె పళ్లెంలోకి కోస్తోంది. వాకిట్లో అన్నతో పాటు పాలివాళ్లు (దాయాదులు) ఇద్దరున్నారు. వాళ్లందరి ముందే అనేశాను: "రాత్రంత బుగ్గ వెట్టి సాకినా ఒక్క మొగ్గ రాలే. మంచియి నువ్వు వెట్టుకొని పనికిరానియి నాకిచ్చినవ్. సొంత కొడుకునైతే గిట్ల జేస్తుంటివా?"

అన్న లేచి నిలబడ్డాడు. వదిన పళ్లెం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అన్నం తినకుండానే తిరుగు బస్సు పట్టుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదని ఊరు దాటకముందే తెలిసింది.

పదిహేను రోజులకు వదిన సంచి పట్టుకుని మా గడపలో నిలబడింది. కంటికి ఆపరేషన్ చేయించుకోవాలట, ఇక్కడి దవాఖానలో. పెరటి వసారాలో మంచం వేశాను (వేరే చోటు లేదు, మొహం చూసే ధైర్యమూ లేదు). సాయంత్రం బుగ్గ వెలగగానే ఆమె దాన్ని చూసింది, చామంతులను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఎప్పుడు బందు చేస్తావని అడిగితే తెల్లారాక అన్నాను.

"కంట్ల వడుతుంది బిడ్డా. నేనున్నన్ని దినాలు ఆర్పు."

మొక్కల రాత్రి భోజనం మాన్పించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ అవతల ఆమె కన్ను. ఆర్పాను.

ఆపరేషనయి కన్ను మానేదాకా ఆమె నెలపైనే ఉంది. ఊరికి పోయే రోజు పొద్దున వేపపుల్ల నములుతూ పెరట్లోకి వెళితే, ప్రతి కొమ్మ చివరా శనగగింజంత ఆకుపచ్చ గుండీ! నోట్లో పుల్ల నోట్లోనే ఉండిపోయింది. పుష్యమాసానికి పెరడంతా పసుపు. కళ్లు లేని, గడియారం లేని ఆ మొక్క రాత్రి ఎంత పొడుగుందో కొలుస్తుందట. చాలినంత చీకటి దొరికితే తప్ప మొగ్గ తొడగదట. డెబ్బైకి దగ్గరపడ్డాను, ఏటా పిలకలు నాటుతూనే ఉన్నాను, ఇప్పటికీ ఆ మొదటి గుండీ ముందు కాసేపు నిలబడిపోతాను. (ఆ వాచకం మీద కోపం మాత్రం చల్లారలేదు. వెలుతురుకు అన్ని పేజీలు రాసినవాళ్లకు చీకటికి ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదా?)

తొలికోత పూలన్నీ తువ్వాలలో కట్టుకుని కోటగిరి పోయి వదిన ఒళ్లో పోశాను. తప్పయిందని చెప్పాలనే వెళ్లాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది మళ్లీ నిలదీతే. బుగ్గ సంగతి నీకు ముందే ఎరుకనా అన్నాను. ఎరుకేనట, బజారు దీపం కింద నాటిన చెట్టు ఒక ఏడు తనకూ పూయలేదట. మరి చూసిన రోజే చెప్పక, కన్ను సాకు పెట్టి అన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావని గట్టిగానే అడిగాను. వదిన తల ఎత్తకుండా పూలు సర్దుకుంటూ అంది:

"కంటికైతే మాకు బోధన్ల గూడ దవాఖాన ఉండె. నేను జెప్తే నువ్వెన్నడన్న విన్నవా బిడ్డా? చెట్టు జెప్తే వింటవని వచ్చిన."