కుదురు మావయ్య చేతిలో తాడు

మా మావయ్యను రేవులో అందరూ కుదురు అని పిలిచేవారు. అది వెక్కిరింత. ఆ మనిషికి లేనిదల్లా అదొక్కటే. భోజనానికి కూర్చుంటే అన్నం కలుపుతూ లేచి వెళ్లి కిటికీ మూసి వస్తాడు, రెండు ముద్దలు తిని మళ్లీ లేచి అదే కిటికీ తెరుస్తాడు. సినిమాకు తీసుకెళ్తే సగం హాల్లోనూ సగం వరండాలోనూ చూస్తాడు. ఇక పెళ్లి సంగతంటారా, ఏ పిల్ల తండ్రైనా పట్టుకుని మాట్లాడాలంటే ముందు ఆయన ఒకచోట దొరకాలి కదా. "కాళ్లకి చక్రాలు కట్టుకుని పుట్టావురా తమ్ముడూ" అని మా అమ్మ తల పట్టుకునేది.

తాడు చేతికొస్తే మాత్రం ఆ చక్రాలు ఆగిపోయేవి. మునిగిపోయిన ఓడలను పైకి తేవడం మా వాళ్ల పని. నీళ్లలోకి దిగేవాళ్లు ఓడ కడుపు కింద బురద తవ్వి, అటు నుంచి ఇటు గొలుసులు దూరుస్తారు. ఆ గొలుసులకు రెండు వైపులా ఇంతింత ఇనుప ట్యాంకులు కడతారు. పైనుంచి గాలి కొడితే ట్యాంకుల్లో నీళ్లు బయటికి పోయి, అవి తేలుతూ ఓడను కూడా లేపుకొస్తాయి. చెప్పడానికి ఇంతే. కింద ఉన్నవాడికి కళ్లెదుట తన చెయ్యి తనకే కనబడదు. తలకు బిగించిన ఇనుప టోపీలో ఫోను ఉన్నా పంపుల మోతలో అది గురగురమంటుందే తప్ప మాట వినబడదు. అందుకని నడుముకు కట్టిన తాడే వాడి నోరు. ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, రెండుసార్లు లాగితే తాడు ఇంకొంచెం వదలమని, మూడుసార్లు లాగితే పైకి తీయమని.

ఆ తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉండాలన్నదానికి మా రేవులో ఒక పద్ధతి ఉంది. దిగేవాడి భార్యకు అన్నో తమ్ముడో అయి ఉండాలి. సొంత అన్నదమ్ములు పనికిరారు, వాళ్ల మధ్య ఇల్లూ వాకిలీ తగాదాలు ఉంటాయి. బావమరిదైతే సాయంత్రం ఇంటికెళ్లి అక్క మొహం చూడాలి కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని పట్టుకుంటాడు. అలా మావయ్య మా నాన్న తాడు పట్టుకున్నాడు, చెవులు చెడి నాన్న పని మానేసేదాకా. నాకు అన్నదమ్ములు లేరు. నా మొగుడు ఈ పనిలోకి వచ్చినప్పుడు, "మేనమామని, నేనుండగా ఇంకెవడు పడతాడు?" అని మావయ్యే ముందుకొచ్చాడు. నాకెంత ధైర్యం వచ్చిందో!

వాళ్లు దిగే పడవ మీదే, కిందివాళ్లకు గొట్టంలో గాలి పంపే మిషను నేను నడుపుతాను. అంటే నా మొగుడి ఊపిరి నా చేతిలో, మాట మావయ్య చేతిలో. ఇంట్లో మాత్రం ఆయన ఊపిరీ మాటా రెండూ నావేనని మావయ్య ఏడిపించేవాడు.

ఆ ఏడు రేవు ముఖద్వారంలో ఒక సరుకు ఓడ మునిగింది. గాలుల రోజులు రాకముందే లేపాలి. అప్పుడే మావయ్య తాడును పళ్ల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చేతులతో పట్టుకుని, కొంచెం పైభాగం నోట కరుచుకునేవాడు. అదేదో పెద్దాయన కనిపెట్టిన కొత్త కిటుకు అనుకుని మిగతా తాడువాళ్లు కూడా మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి పడవ మీద ఒక్కడూ మాట్లాడడం లేదు, అందరి నోళ్లలోనూ తాళ్లే. మేస్త్రీ అడిగినదానికి అందరూ ఊఁ, ఊఁ అంటుంటే నవ్వలేక చచ్చాను.

తర్వాత నవ్వు పోయింది. ఒక ఆదివారం మావయ్య మా ఇంటికొచ్చి, మామూలుగానే వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ, పొంగుతున్న పాలగిన్నెను వట్టి చేతులతో పట్టుకుని దించాడు. దించి, గిన్నె వదలకుండా ఏదో కబురు చెబుతున్నాడు. కాలుతున్నట్టు ఆయనకు తెలియనే లేదు. నేను గిన్నె లాక్కుని చూస్తే వేళ్లన్నీ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"ఎప్పట్నించి మావయ్యా?"

"ఏంటి ఎప్పట్నించి? వేడి నాకు అలవాటే."

"అబద్ధాలాడకు. నీ చేతులకి స్పర్శ లేదు. అందుకే తాడు నోట్లో పెట్టుకుంటున్నావ్."

"పళ్లకి తెలుస్తోందిగా! వేళ్లయితేనేం, పళ్లయితేనేం?" అని కస్సుమన్నాడు. "నన్ను ఒడ్డున కూర్చోబెడితే నెల బతకను. తెలుసా నీకు?"

"కింద ఉన్నది నా మొగుడు. అది తెలుసా నీకు?"

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నాకు కోపం ఆయన మీదో నా మీదో అర్థం కాలేదు. మేస్త్రీకి చెబితే మావయ్యను తీసేస్తారు. చెప్పకపోతే ఏదో ఒక రోజు మూడు లాగుళ్లు ఒకటిగా తెలుస్తాయి, నా కొంప మునుగుతుంది. మొగుడికి చెబుదామంటే, మావయ్యను ఏమన్నా అంటే ఆయన నా మీదే లేస్తాడు. రాత్రంతా అటు దొర్లి ఇటు దొర్లి, పొద్దున్నే మేస్త్రీకి చెప్పేయాలని నిశ్చయించుకుని బయల్దేరాను. చివరి గొలుసు దూర్చే రోజది. నేను పడవ ఎక్కేసరికే తొందరపెట్టి నా మొగుణ్ణి దింపేశారు. మావయ్య తాడు కరుచుకుని నిలబడి ఉన్నాడు. ఇక మాట్లాడి లాభం లేదు, నేను పరిగెత్తి, అప్పటిదాకా మిషను చూస్తున్న కుర్రాణ్ణి తప్పించి అక్కడ నిలబడ్డాను.

చలిగాలి ఈడ్చి కొడుతోంది. మావయ్య పెదాలు నీలంగా మారాయి. తాడు చేతిలో ఉండగా ఆ మనిషి కాళ్లు మార్చడం నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ఈ కాలు, ఆ కాలు, మళ్లీ ఈ కాలు. ఉన్నట్టుండి ఆయన నోట్లోంచి తాడు తీసి నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఇలా రా. పళ్లు కూడా మొద్దుబారాయి. పట్టుకో."

"నేనా? మిషనో?"

"మిషను మీద గాలి ముల్లు చూడ్డానికి కళ్లు చాలు, అవింకా ఉన్నాయి. నీకు తమ్ముడు లేడుగా, ఇవాళ్టికి నువ్వే నీ తమ్ముడివి అనుకో. పట్టుకోవే!"

పట్టుకున్నాను. తాడు నా అరచేతిలో సన్నగా కొట్టుకుంటోంది. అంతలో ఒక లాగుడు వచ్చింది.

"ఎన్ని?" అన్నాడు మావయ్య, ముల్లు మీంచి కళ్లు తిప్పకుండా.

"ఒకటి."

"నువ్వూ ఒకటి లాగు. గట్టిగా కాదు."

అప్పట్నుంచి లాగుడు వచ్చినప్పుడల్లా ఎన్ని, ఎన్ని అని అడుగుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లూ రేవంతా ఆయన్ను అడిగిన మాట అది. ఇప్పుడు ఆయన నన్ను అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. మూడు వచ్చాయి. ఆయన చెప్పినట్టే ఆగి ఆగి, తొందరపడకుండా పైకి తీశాము. టోపీ విప్పి నా మొగుడు మొహం కనిపించేదాకా నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తులేదు.

మధ్యాహ్నం ట్యాంకులకు గాలి కొట్టాము. నీళ్లు ఉడికినట్టు బుడగలు వచ్చి, ఒక పక్కకు ఒరిగిన పొగగొట్టం, దాని వెనకాల బురద కారుతున్న ఓడ వీపు పైకి లేచాయి. అందరూ ఆ అంచుకు పరిగెత్తి కేకలు పెడుతున్నారు. ఈ అంచున మేము ముగ్గురమే మిగిలాము.

"ఇవాళ తాడు పట్టింది నువ్వు కదూ?" అని నా మొగుడు నన్ను అడిగాడు.

"నీకెలా తెలుసు?"

"నేను లాగగానే జవాబొచ్చింది. ఈ మధ్య మావయ్య జవాబు చాలా ఆలస్యంగా వస్తోంది. ఒక్కోసారి రావట్లేదు."

నా ఒళ్లు మండిపోయింది. "తెలిసీ దిగుతున్నావా? బుద్ధుందా నీకు? నాకో మాట చెప్పాలని లేదూ?"

"చెబితే ఊరుకుంటావా? ఆయన్ని తీసేసేదాకా నిద్రపోవు. తాడు లేకపోతే ఆయన ఏమైపోతాడో నీకు..."

మాట పూర్తి కాలేదు. మావయ్య ఒక్క అంగలో వచ్చి నా మొగుడి చెంప ఛెళ్లుమనిపించాడు. అల్లుణ్ణి ఏనాడూ ఒరేయ్ అని కూడా అనని మనిషి.

"నా కోసం చస్తావుట్రా? రేపు ఇది నా ముందుకొచ్చి నిలబడితే ఏ మొహం పెట్టుకుని చూసేవాణ్ణి? ఇక తాడు ముట్టను. వెళ్లి మేస్త్రీకి నేనే చెప్పుకుంటాను, పో!"

నా మొగుడి చెంప మీద వేళ్లు నాలుగూ తేలాయి. మావయ్య ఆ వాతల వంక చూశాడు, తన అరచేతి వంక చూసుకున్నాడు. గొంతు తగ్గిపోయింది.

"గట్టిగా తగిలిందా అల్లుడూ?" అని అడిగాడు.

నిజంగానే అడిగాడు. ఆయనకు తెలియలేదు.