టాన్ లెక్కలో మర్చిపోయిన ఎత్తు

మా కింది ఫ్లాట్ అంకుల్ పోయారని పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. అమ్మ నర్సు. చావు కబురు గొంతు వణక్కుండా చెప్పడం అలవాటైన మనిషి. ఈసారి మాట పూర్తి చేయలేక ఫోన్ నాన్నకిచ్చింది.

దేశ రాజధానిలో, సాకేత్‌లోని మా బిల్డింగ్‌లో తెలుగువాళ్లం రెండే ఇళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన అంకుల్, సాయంత్రాలు పార్కు బెంచీ మీద పల్లీలు తింటూ కనిపించిన పిల్లల్నల్లా ఆపి లెక్కలడిగేవారు. మేము ఆ దారే తొక్కేవాళ్లం కాదు.

పదో తరగతిలో త్రికోణమితి నాకు కొరకరాని కొయ్య. పై క్లాసులో లెక్కలు వదిలేస్తానని ఇంట్లో తెగేసి చెప్పాను. అమ్మ నన్ను తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టింది.

"అంకుల్, టాన్ సమఝ్ మే నహీ ఆతా, అస్సలు అర్థం కాదు. నా వల్ల కాదు."

"అచ్ఛా. పుస్తకం ఇంట్లో పడేసి రా," అన్నారు.

కోణమానినికి స్ట్రా అతికించి, దారంతో ఒక నట్టు వేలాడదీసి నా చేతికిచ్చారు. "ఇందులోంచి నీళ్ల ట్యాంకు పైఅంచు చూడమ్మాయ్. ఎత్తుని దూరంతో భాగిస్తే వచ్చేదే టాన్. దగ్గరికెళ్లే కొద్దీ పెరుగుద్ది. నలభై అయిదు డిగ్రీల కాడ అది ఒకటి. అంటే దూరం ఎంతో ఎత్తూ అంతే. ట్యాంకు ఎక్కే పన్లేదు, నడిస్తే చాలు."

దారం నలభై అయిదు మీద నిలిచేదాకా వెనక్కి నడిచాను. కాళ్లు ఆయన బెంచీకి తగిలాయి. అక్కణ్ణుంచి ట్యాంకు దాకా టేపుతో కొలిచి, జవాబు గట్టిగా అరిచాను.

ఆయన చేతిలోని పల్లీల పొట్టు ఎగిరేలా నవ్వారు. "నేల మీద పడుకుని చూశావా ఏంది?"

"లేదు, నిలబడే చూశాను."

"మరి నీ కంటి ఎత్తు కలపవా? లెక్కలో నిన్ను నువ్వే మర్చిపోతే ఎట్టా?"

లెక్కలు వదల్లేదు. గ్రేటర్ నోయిడా ఇంజనీరింగ్ కాలేజీలో సర్వేయింగ్ చెప్పే ఉద్యోగం వచ్చిన రోజు, "మా పిల్ల!" అంటూ పార్కంతా పల్లీలు పంచారు. ఏటా నా విద్యార్థులూ అదే తప్పు చేస్తారు. నేనూ ఆయన మాటే అంటాను. ఆయన పిల్లనని చెప్పుకోవడం నాకెంతో గర్వం.

అంత్యక్రియలయ్యాక పార్కుకు వెళ్లాను. క్లాసు కోసం చేసుకున్న స్ట్రా కోణమానిని బ్యాగులోనే ఉంది. ట్యాంకు అంచు చూస్తూ వెనక్కి నడిచాను. దారం నలభై అయిదు మీద ఆగింది. మనిషి పొడుగైతే కన్నూ పైకి జరుగుతుంది, అదే కోణం ట్యాంకుకి కాస్త దగ్గర్లోనే కుదురుతుంది. కాళ్లు బెంచీకి తగల్లేదు. వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ బెంచీకీ నాకూ మధ్య బెత్తెడు జాగా ఉంది. ఆ రోజు నుంచి నేను పెరిగిన ఎత్తు అది.