ఐసు మొన్సెఫ్ గుమ్మంలో రెపరాతమ్మ

పోర్తోసాలె రేవులో ఐసు మొన్సెఫ్ అంటే తెలియని పిల్లి కూడా లేదు. మూతిమీద మీసం సరిగ్గా మొలవని వయసులో ట్యునీసియా నుంచి చేపల పడవలో కూలీగా వచ్చి, ఈ సిసిలీ ఊళ్లో దిగాడు. అప్పట్లో ఇక్కడి పడవలకు ఐసు పక్క ఊరినుంచి రావాలి. లారీ ఆలస్యమైతే చేప మెత్తబడేది, బేరగాడు ముక్కు మూసుకుని సగం ధర చెప్పేవాడు. అది చూసి చూసి విసిగిన మొన్సెఫ్, మూతపడ్డ ఐస్‌క్రీం కార్ఖానాలోని పాత యంత్రాన్ని కొని, తుప్పు గీకి, రేవు పక్కనే ఐసు ఆడించాడు. "అరబ్బువాడి ఐసా?" అని మూతి తిప్పుకున్నవాళ్లే ఎండాకాలం రాగానే బుట్టలతో వరస కట్టారు. అవసరానికి వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, వీళ్లెంత.

వలలు అల్లే నున్సియాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తరఫువాళ్లు ఒక్కరూ పెళ్లికి రాలేదు. అన్న కార్మెలో అయితే ఆనాటినుంచి ఆ గడప తొక్కలేదు. ఆ ముల్లు నున్సియా మనసులో అలాగే ఉండిపోయింది.

ఊరికి ఎందరు మేయర్లు మారినా పెద్దమనిషి మాత్రం దొన్ జెర్లాందో ఒక్కడే. చేపల మార్కెట్లో ఏ కొట్టు ఎవరిదో ఆయన చెప్పాలి. ఏటా పునీత రెపరాతమ్మ పండక్కి విగ్రహాన్ని భుజాలమీద ఊరేగిస్తారు. ఆయన ఇంటిముందుకు రాగానే మోతపెద్ద గంట కొట్టేవాడు, ముందువరస మోతగాళ్లు మోకాళ్లు వంచేవారు. సాక్షాత్తూ ఆ తల్లే ఆయనకు తలవంచినట్టుండేది. ఆయన బాల్కనీలోంచి చెయ్యెత్తేదాకా లేపేవాళ్లు కాదు. తనది ఆ మతం కాకపోయినా మొన్సెఫ్‌కు ఒళ్లు మండిపోయేది. మేయరు ఎన్నికల్లో నిలబడినప్పుడు అతను చెప్పింది ఒక్కటే.

"మీ తల్లి ఇక ఎవరికీ వంగదు. వంగిందా, నా మొహాన ఐసునీళ్లు కొట్టండి."

జనం గెలిపించారు. గెలిచిన వెంటనే అతను మార్కెట్లో దారికి అడ్డంగా ఉన్న దొన్ మేనల్లుడి కొట్టు పీకించాడు. దొన్ పల్లెత్తు మాట అనలేదు.

పండగరోజు మొన్సెఫ్ మేయర్లు వేసుకునే మూడురంగుల పట్టీ వేసుకుని విగ్రహం వెనకాల నడిచాడు. దొన్ ఇల్లు దగ్గరపడేకొద్దీ అతని చూపు మోతపెద్ద చేతిలోని గంటమీదే నిలిచింది. గంట మోగలేదు. విగ్రహం ఆగకుండా ముందుకు సాగింది. బాల్కనీ ఖాళీగా ఉంది. అతనికి సంతోషంతో ఏడుపు వచ్చినంత పనైంది.

ఐసు వీధి మలుపు తిరిగాక మోతపెద్ద తానో గంట కొట్టాడు.

"ఏమైంది తానో, ఎవరికైనా కళ్లు తిరిగాయా?"

"లేదయ్యా, ఇల్లొచ్చింది."

"ఎవరిల్లు?"

"మీదే."

ముందువరస మోకాళ్లు వంగాయి. రెపరాతమ్మ కిరీటం మొన్సెఫ్ గుమ్మంవైపు వాలింది. పైన బాల్కనీలో నున్సియా ఏడుస్తూ పూలు జల్లుతోంది. పక్కన, ఇన్నేళ్లూ ఆ గడప తొక్కని అన్న కార్మెలో నిలబడి ఉన్నాడు.

"ఎవరికీ వంగకూడదన్నానా లేదా?"

"అన్నారు. దొన్ కూడా మొదట్లో అలాగే అనేవాడట, మా నాన్న చెప్పాడు. పెద్దలు వద్దంటారు, మేం చేస్తాం. అది మర్యాద."

"నేను పెద్దనేంటి, మేయర్ని."

"ఆయన మేనల్లుడి కొట్టు పీకిస్తే ఆయనే నోరెత్తలేదు. మీరు కాకపోతే ఇంకెవరయ్యా పెద్ద? మావాడికి మార్కెట్లో చిన్న కొట్టు సంగతి... సరే, తరవాత మాట్లాడుకుందాంలెండి."

ఆ కొట్టు పీకించింది జనంకోసమే అనుకున్నాడు మొన్సెఫ్. జనానికి మాత్రం మరోలా అర్థమైంది.

"ముందు లేపండి."

"మీరు చెయ్యెత్తాలి."

"ఎత్తను."

"అయితే ఇలాగే ఉంటాం. ఆనతి లేకుండా తల్లిని ఎలా లేపుతాం?"

మొన్సెఫ్ పట్టీ తీసి పారేసి, ముందువరసలోని ముసలి సాసా పక్కన మోతకర్ర కింద భుజం పెట్టాడు. బలమంతా కూడదీసుకుని ఎత్తాడు. కర్ర అంగుళం కదల్లేదు. అటూ ఇటూ చూశాడు. ఒక్కడూ కలిసి రాలేదు, అందరూ అతని చేతికేసే చూస్తున్నారు.

"బాబూ, నా మోకాలు పోతోంది," అన్నాడు సాసా వగరుస్తూ. "నీకు పుణ్యముంటుంది, ఆ చెయ్యేదో ఎత్తు."

సాసా కాలు జారింది. విగ్రహం ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. మొన్సెఫ్ కర్ర కిందనుంచి బయటికొచ్చి చెయ్యెత్తాడు.

గంట మోగింది. రెపరాతమ్మ నిటారుగా లేచింది. వీధంతా చప్పట్లు కొట్టింది. మొన్సెఫ్ ఇంకా గాల్లోనే ఉన్న తన చేతికేసి, అది ఎవరిదో అన్నట్టు చూస్తుండిపోయాడు.

జనం పక్కకు తప్పుకుని దారిచ్చారు. చేతికర్రతో దొన్ జెర్లాందో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఏనాడూ అతణ్ని పేరుపెట్టి పిలవని మనిషి, టోపీ తీశాడు.

"మొదటి ఏడాది నాకూ చెయ్యి లేవనంది మొన్సెఫ్," అన్నాడు మెల్లగా. "వచ్చే ఏటికి అదే లేస్తుందిలే."

పైనుంచి నున్సియా, ఒక్కసారి ఇటు చూడమని పిలుస్తోంది. మొన్సెఫ్ తలెత్తలేదు.