ఓడలో పుట్టిన చప్పుడు

నా చిన్నప్పుడు ఒకసారి పోచమ్మ తల్లి నా మీదికి వచ్చిందని మా ఊరంతా నమ్మింది. నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ మాట బయటికి చెప్పే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

మాది నల్లగొండకు దగ్గరలో గొర్లు కాసుకునే ఇల్లు. పొద్దున లేస్తే గుట్టలు, గాలి, గొర్ల మెడల్లో గంటలు. అంతకు మించిన చప్పుడు నా ఒంటికి పడేది కాదు. పెళ్లి ఊరేగింపు వస్తుందంటే చాలు, పెరట్లోకి పరుగెత్తేదాన్ని. కడుపులో తిప్పేది, కళ్లు తిరిగేవి. అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు, ఎవరూ చెప్పుకోరేమో అనుకునేదాన్ని.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెల్కలన్నీ దుక్కి దున్నినవి దున్నినట్టే ఎండుతున్నాయి. బోనాల నాడు నాకు కొత్త లంగా కట్టి ముందు వరుసలో నిలబెట్టారు. గుడి దగ్గరికి వచ్చేసరికి డప్పులు జోరందుకున్నాయి. కొట్టేవాళ్లు చేయి తిరిగిన వాళ్లు, వాళ్ల తప్పేమీ లేదు. ఒక్కో దెబ్బా నేరుగా నా పొట్టలో పడింది. ఒళ్లు ఊగిపోయింది. పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి నుదుటి నిండా పసుపు, చేతిలో వేపకొమ్మ. పిల్ల శిగం ఊగింది, తల్లి వచ్చింది అంటూ ఆడవాళ్లు నా కాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. నన్ను భుజాన వేసుకొని తిరిగే మా బాపు చేతులు జోడించి, "వానలెప్పుడు కురిపిస్తవు తల్లీ" అని నన్నడిగాడు. కన్నతండ్రి నా ముందు అట్లా నిలబడడం చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. దాన్ని కూడా తల్లి కరుణ అన్నారు.

వచ్చే ఆదివారం మా వాకిట్లోనే డప్పులు కొట్టించి, తల్లిని మళ్లీ పిలిచి, వాన సంగతి తేల్చుకోవాలని ఊరి పెద్దలు అనుకున్నారు. కాదంటే బాపు నలుగురిలో చిన్నబోతాడు. ఊరుకుంటే మళ్లీ ఆ డప్పుల ముందు పడాలి, నోటికొచ్చింది చెప్పాలి. ఆ మాట నమ్మి ఊరంతా దాచుకున్న విత్తనాలు చల్లేస్తుంది. ఆ భయంతో అన్నం కూడా సయించలేదు.

నల్లగొండ కాలేజీలో చదివే పక్కింటి అక్క అప్పుడు సెలవులకు వచ్చి ఉంది. గొర్ల దొడ్డిలో మూలన ముడుచుకొని ఉన్న నన్ను చూసి పక్కనే వచ్చి కూర్చుంది. ఊళ్లో చిన్నా పెద్దా నన్ను తల్లీ అని పిలుస్తుంటే, ఆమె మాత్రం ఎప్పటిలాగే "ఏందే, గిట్ల కూసున్నవ్" అంది. ఆ పిలుపుతో నా నోరు పెగిలింది.

"నా మీదికి ఎవ్వలు రాలే అక్కా. గా సప్పుడు ఇంటే నాకు కడుపుల తిప్పుతది, గంతే."

అక్క నవ్వలేదు. ఎప్పుడో చదివింది గుర్తొచ్చి, నన్ను వాళ్లింటికి తీసుకుపోయి, కాలేజీలో బహుమతిగా వచ్చిన లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెరిచింది. చప్పుడును ఇంగ్లీషువాళ్లు నాయిస్ అంటారు. ఆ మాట వాళ్లకు ఫ్రాన్సు నుంచి వచ్చిందట. అక్కడ పూర్వం కొట్లాటను కూడా ఆ మాటతోనే పిలిచేవారట. అంతకు వెనక లాటిన్‌లో అది ఓడ ఎక్కినవాళ్లకు కడుపులో తిప్పడం. ఇంకా వెనక, గ్రీకు భాషలో, దాని మొదట్లో ఉన్నది ఓడ అనే మాట. పండితులందరూ ఒప్పుకోరు, వేరే దారి చెప్పేవాళ్లూ ఉన్నారు అని కూడా అక్క దాచకుండా చెప్పింది.

సముద్రం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నా కడుపులో బాధ లోకంలో నా ఒక్కదానికే తెలుసనుకున్నాను. ఎప్పుడో, ఏ దేశంలోనో, ఓడలో కూర్చుని ఎవరో పడ్డ బాధ మాటగా మారి, దేశాలు దాటి, చివరికి చప్పుడుకే పేరై మా పక్కింటికి వచ్చింది. ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

అక్క నన్ను వెంటబెట్టుకొని బాపును కన్న మా అవ్వ దగ్గరికి పోయింది. మా ఇంట్లో బోనం ఎత్తేది అవ్వే. దేవుడి విషయంలో ఆమె మాటకు బాపు కూడా ఎదురు చెప్పడు. అక్క కథంతా మళ్లీ చెప్పింది. అవ్వ అంతా విని, ఓడ అంటే ఏందని అడిగింది. నీళ్ల మీద పోయే బస్సు అనుకో అంది అక్క.

బస్సు అనేసరికి అవ్వ ముఖం మారిపోయింది.

"మొదటిసారి నల్లగొండ బస్సెక్కిన్నాడు నాకు గట్లనే అయ్యింది బిడ్డా. కొంగు నిండ కక్కుకున్న. నన్ను ఎవలన్న మొక్కిండ్రా? కండక్టరు తిట్టిండు."

ఆ సాయంత్రం అవ్వే బాపును, ఊరి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడింది. తల్లి వస్తే పిల్లకు బలం వస్తది గాని అన్నం బంద్ కాదు అని తేల్చి చెప్పింది. ఆదివారం మా వాకిట్లోకి డప్పులు రాలేదు. వాన దానికి తోచినప్పుడు వచ్చింది.

ఆ సాయంత్రమే, పెద్దలు వెళ్లిపోయాక బాపు నేనున్న దొడ్డిలోకి వచ్చి, నా నుదుటన మిగిలిన పసుపును తన తువాలుతో మెల్లగా తుడిచాడు. "జర ముందే చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు. ఆ బిడ్డా అన్న పిలుపు కోసం నేనెంత మొహం వాచి ఉన్నానో అప్పుడు తెలిసింది. ఆయన భుజం మీద తల పెట్టి కడుపునిండా ఏడ్చాను.

తెలంగాణ వచ్చాక మా ఊరి బోనాలకు డీజే పెట్టెలు కూడా వస్తున్నాయి. నిరుడు మా మనవరాలు ఆ మోత మధ్య కడుపు పట్టుకొని నా కొంగు లాగింది. అన్నీ నకరాలు అని ఎవరో అన్నారు. నేను ఏమీ అడగకుండా దాన్ని ఎత్తుకొని మోత వినబడనంత దూరం పోయి, గుట్ట మొదట్లో కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను.

నాయిస్ అన్న మాట ఎక్కడ చూసినా ఇప్పటికీ నాకు దాని అడుగున ఒక ఓడ ఊగుతూ కనిపిస్తుంది. అందులో కడుపు పట్టుకొని ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఆయన ఎవరో, ఏ ఊరో తెలియదు. నేను నోరు విప్పలేని నాడు నా తరఫున సాక్ష్యం చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చాడు.